జవాబు రాని సర్వర్ పడిపోయినట్టేనా?

విశ్వవిద్యాలయాల్లో తిరిగేవారు ‘ఎడ్యురోమ్’ అనే వైఫై పేరు చూసే ఉంటారు. యూరప్‌లో మొదలైన ఈ ఏర్పాటును మన దేశంలో ఎర్నెట్ ఇండియా నడుపుతోంది. ఇక్కడి విద్యార్థి ఆమ్‌స్టర్‌డామ్ క్యాంపస్‌లో ల్యాప్‌టాప్ తెరిస్తే, అతని పాస్‌వర్డ్ సరైనదో కాదో తేల్చేది అక్కడి సర్వర్ కాదు. ఆ ప్రశ్న డచ్ జాతీయ సర్వర్‌కు, అక్కణ్నుంచి అంతర్జాతీయ సర్వర్లకు, తర్వాత మన జాతీయ సర్వర్‌కు, చివరికి సొంత కళాశాలకు చేరుతుంది. జవాబు అదే దారిన వెనక్కి వెళ్తుంది.

ఈ సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి పేరు రేడియస్. డయలప్ మోడెమ్‌ల కాలంలో, 1991లో లివింగ్‌స్టన్ సంస్థ దీన్ని రూపొందించింది. ఫ్రీరేడియస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పై సర్వర్ ఐపీ చిరునామా, 1812 పోర్టు, ఇద్దరికే తెలిసిన రహస్య పదం రాస్తాం. రెండు సర్వర్లను ఒక గుంపుగా పెట్టి, ఒకటి పడిపోతే రెండోదానికి వెళ్లమంటాం. రాసేది నాలుగు లైన్లే.

చిక్కంతా ‘పడిపోయింది’ అని తేల్చడంలోనే. రేడియస్ మామూలుగా యూడీపీ మీద నడుస్తుంది. అందులో కనెక్షన్ అంటూ ఉండదు కాబట్టి అది తెగిందన్న కబురూ రాదు. జవాబు రాదు, అంతే. సర్వర్ ఆగి ఉండొచ్చు, ప్యాకెట్ దారిలోనే పోయి ఉండొచ్చు, లేదా మన చిరునామా అవతలి జాబితాలో లేకపోవచ్చు. తెలియని చిరునామా నుంచి వచ్చిన ప్రశ్నకు రేడియస్ సర్వర్ ‘కుదరదు’ అని కూడా చెప్పదు, పట్టించుకోకుండా వదిలేస్తుంది. రెండో సర్వర్ పెట్టి, వైఫై పరికరాల చిరునామాలు అందులో ఎక్కించడం మరిచిపోతే, అవసరం పడిన రోజున అది బతికుండీ మౌనంగా కూర్చుంటుంది.

ఇంకో ఉచ్చు ఉంది. ఎక్కడో ఒక కళాశాల సర్వర్ కరెంటు పోయి ఆగిందనుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ వైపు కనిపించేది తమ జాతీయ సర్వర్ మౌనమే. నిక్షేపంలా ఉన్న ఆ సర్వర్‌పై ‘జాంబీ’, అంటే పడిపోయిందేమో అన్న ముద్ర పడుతుంది. ల్యాప్‌టాప్ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఈసారి రెండో సర్వర్ మీదా అదే ముద్ర. ఒక్క కళాశాల మూలంగా మిగతా అతిథులందరికీ వైఫై బంద్!

దీనికి విరుగుడుగా ‘స్టేటస్ సర్వర్’ అనే ప్రశ్న వచ్చింది. 2010లో ఆర్ఎఫ్‌సీ 5997 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం దాన్ని నమోదు చేసింది. అది పక్క సర్వర్ దగ్గరే ఆగిపోతుంది, ముందుకు సాగదు. కాబట్టి జవాబు వస్తే పక్క సర్వర్ బతికే ఉందని, లోపం ఇంకా పైన ఉందని తేలుతుంది. ఫ్రీరేడియస్ నమూనా ఫైలు ప్రకారం 30 సెకన్లకోసారి అడిగి, 3 జవాబులు వచ్చాకే ముద్ర చెరిపేస్తుంది. ఈ ఆచితూచే గుణం నాకు నచ్చుతుంది.

బరువు పంచుదామని ప్యాకెట్‌కో సర్వర్ చొప్పున పంపడం మాత్రం వైఫై లాగిన్‌కు పనికిరాదు. అందులో సంభాషణ పలు విడతలుగా సాగుతుంది, మధ్యలో సర్వర్ మారితే మళ్లీ మొదటికి రావాలి.

మీ సంస్థలో రెండో సర్వర్ ఉంటే, ఒక సెలవు రోజున మొదటిదాన్ని కావాలనే ఆపి లాగిన్ అయి చూడండి.