మీకు తెలుసా? పసితనపు గాయమును వైద్యుడడిగిన వేళ

1985 ప్రాంతమున అమెరికాలోని శాన్‌డియాగోలో స్థూలకాయ చికిత్సాలయమును నడుపుచుండిన డాక్టరు విన్సెంట్ ఫెలిట్టి, చక్కగా బరువు తగ్గుచున్నవారే నడుమ చికిత్స మానివేయుటకు కారణమరయబోయి, వారిలో పలువురు బాల్యమున లైంగికపీడనకు గురియైనవారని యెరిగి నివ్వెరపోయెను. ఆ విచారణయే, పరిశోధకుడగు రాబర్ట్ ఆండా తోడ్పాటుతో, 17,000 మందికి పైగా వయోజనులను ప్రశ్నించిన మహాపరిశోధనగా పెరిగెను. బాల్యక్లేశములు హెచ్చినకొలది హృద్రోగాది వ్యాధుల ముప్పు కూడ హెచ్చునని 1998లో వెలువడిన తొలి ఫలితములు చాటెను.

2020 నుండి కాలిఫోర్నియాలో పేదల వైద్యబీమాయగు మెడి-కాల్, బాల్యక్లేశములను ప్రశ్నపత్రముల ద్వారా అడిగి తెలిసికొను పరీక్షకు వైద్యులకు 29 డాలర్లు చెల్లింపసాగెను. ఆ ప్రశ్నపత్రములలో ఒకటి మిక్కిలి దయగలది: అందు తల్లి ఏ కష్టమును పేరెత్తి చెప్పనక్కరలేదు, బిడ్డ అనుభవించినవి ఎన్నియో ఆ అంకె యొక్కటి వ్రాసిన చాలును. పిమ్మట మానసిక చికిత్సతోపాటు వైద్యులు సూచించునవి కంటినిండ నిద్ర, పుష్టికరమగు తిండి, ఆటపాటలు, అక్కున జేర్చుకొను పెద్దదిక్కు.