కంప్యూటరుకు కనబడని వైర్‌లెస్ స్పీకరు

గ్రామసభలో జమాఖర్చులు చదువునపుడు చివరి వరుసలో కూర్చున్న వృద్ధురాలికి సయితము ఆ మాటలు స్పష్టముగా వినబడవలెను. వినబడని సభలో ప్రశ్నలు పుట్టవు. ప్రశ్నలు పుట్టనిచోట పద్దులపై నమ్మకము నిలువదు. కనుక పంచాయతీ కార్యాలయపు కంప్యూటరుకు తీగలు లేని స్పీకరును జతపరచవలెనను కోరిక సమంజసమైనదే. కాని కొని తెచ్చిన స్పీకరు కంప్యూటరు తెరపై కనబడకపోయినచో ఏమి చేయవలెను? ఈ విషయమును పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

విజయవాడ, నాగార్జునసాగర్ మార్గములనుండి హైదరాబాదు వచ్చువారికి ఎల్.బి.నగర్ కూడలి నగర ముఖద్వారము వంటిది. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైన పిమ్మట ప్రయాణము మరింత సులభమైనది. ఎల్.బి.నగర్‌లో రైలెక్కినవారికి విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటగనే మూడవ స్టేషను దిల్‌సుఖ్‌నగర్. కంప్యూటరు శిక్షణ సంస్థలకు పేరుపడిన ఈ పేటలో వలయు పరికరములన్నియు దొరకును. దుకాణదారుడు స్పీకరును తన సెల్‌ఫోనుతోనో, లాప్‌టాప్‌తోనో కలిపి వినిపించును. అది చక్కగా పలుకును. ఊరికి తెచ్చి బల్లమీది డెస్క్‌టాప్‌తో కలుపబోవగా దాని జాడయే తెలియదు.

అక్కడ పలికినది ఇక్కడ ఏల పలుకదు? సెల్‌ఫోనులోను, లాప్‌టాప్‌లోను బ్లూటూత్ అను చిన్న రేడియో పరికరము సాధారణముగా ముందే అమర్చబడి యుండును. డెస్క్‌టాప్‌లలో అనేకమునకు అది యుండదు. లోపము స్పీకరులో లేదు; దానిని పిలువగల సాధనము కంప్యూటరులో లేదు.

బ్లూటూత్ అనగా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతపు రేడియో తరంగములద్వారా దగ్గరలోని పరికరములను కలుపు పద్ధతి. సాధారణ పరికరములకు దీని దూరము సుమారు 10 మీటర్లు. నడుమ గోడలున్నచో ఇంకను తగ్గును. పదవ శతాబ్దమున డెన్మార్కును ఏలిన హెరాల్డ్ రాజు మారుపేరే దీనికి పెట్టబడినది. పెండ్లి సంబంధమునకు ఇరువైపులవారును సమ్మతింపవలసినట్లే, ఇందులోను కంప్యూటరు వెదకవలెను, స్పీకరు తన ఉనికిని తెలుపవలెను. ఒకటి మౌనము వహించినను సంబంధము కుదరదు.

పరీక్షింపవలసిన క్రమమిది. మొదట కంప్యూటరులో బ్లూటూత్ కలదో లేదో చూడవలెను. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరచి, ఆ జాబితాలో బ్లూటూత్ అను శీర్షిక కలదేమో గమనించవలెను. లేనిచో కొన్ని వందల రూపాయలకు లభించు యు.ఎస్.బి. బ్లూటూత్ అడాప్టరు చాలును. క్రొత్త కంప్యూటరు కొననక్కరలేదు. వైఫై, బ్లూటూత్ రెండును గల డెస్క్‌టాప్ అయినచో, వెనుకవైపు బిగింపవలసిన యాంటెన్నాలు పెట్టెలోనే మిగిలిపోయినవేమో చూడవలెను.

రెండవది, స్పీకరు జతకు సిద్ధముగా నుండవలెను. దానిపై గల బ్లూటూత్ మీటను దీపము మినుకుమినుకుమను వరకు కొన్ని సెకన్లు నొక్కి పట్టుకొనవలెను. అది అంతకుముందే ఎవరి ఫోనుతోనైన కలిసియున్నచో కంప్యూటరుకు కనబడకపోవచ్చును. అట్టి ఫోనులో బ్లూటూత్ ఆపివేసి, కంప్యూటరు సెట్టింగులలో బ్లూటూత్ తెరచి, యాడ్ డివైస్ అనుదానిని నొక్కవలెను. జాబితాలో పలు పేర్లు కనబడినచో మన స్పీకరు పేరునే ఎన్నుకొనవలెను. తెలియని పరికరము జతకోరినచో అంగీకరింపరాదు.

మూడవది, అడాప్టరు ఉన్నచోటు. కంప్యూటరు ఇనుపపెట్టె తరంగములకు అడ్డు. అంతేగాక యు.ఎస్.బి. 3.0 పరికరములనుండి వెలువడు అలజడి 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమును చెరచును. కనుక అడాప్టరును వెనుక గుచ్చక ముందువైపున గుచ్చుట, లేదా చిన్న పొడిగింపు తీగతో బల్లపైకి తెచ్చుట మేలు.

నాలుగవది, స్పీకరు పేరు కనబడియు కలియనిచో పాత జతను తొలగించి, రెండింటిని ఆపి, మరల కలుపవలెను. అప్పటికిని కానిచో తయారీదారు వెబ్‌సైటునుండియే డ్రైవరు తీసికొనవలెను.

ఐదవది, కలిసినదని తెర చూపుచున్నను శబ్దము రానిచో గడియారము ప్రక్కనున్న స్పీకరు గుర్తును నొక్కి, ధ్వని వెలువడు పరికరముగా దానినే ఎన్నుకొనవలెను. ఒకే స్పీకరు రెండు పేర్లతో కనబడినచో హ్యాండ్స్‌ఫ్రీ అనునది సంభాషణకొరకు. ఉపన్యాసమునకు, పాటకు రెండవదియే తగినది.

కొనుటకు పోవువారు విండోస్ ఏ తరమునకు చెందినదో కాగితముపై వ్రాసికొని పోవలెను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినదని కూడ గుర్తుంచుకొనవలెను. స్పీకరును దుకాణములో ఫోనుతోగాక డెస్క్‌టాప్‌తోనే పలికించి చూపుమని అడుగవలెను. తీగ గుచ్చు రంధ్రము కూడ గల స్పీకరును ఎన్నుకొని, ఆ తీగను సభనాడు సిద్ధముగా నుంచుకొన్నచో సభ ఆగదు. బిల్లును, వారంటీ పత్రమును కార్యాలయములో భద్రపరచవలెను. ఆరుబయట నూర్లమంది కూడు సభకు ఈ చిన్న స్పీకరు చాలదు. అందుకు మైకుసెట్టే తగును.

పంచాయతీ సొమ్ము ప్రజల సొమ్ము. పరికరము పలుకలేదని వెంటనే మరియొకటి కొనుటకు తీర్మానింపక, ఈ ఐదు పరీక్షలను వరుసగా జరిపి, ఫలితమును రిజిస్టరులో వ్రాసియుంచవలెనని కోరుచున్నాము. అట్లు చేసినచో, తరువాత వచ్చు సభ్యులును ఆ వ్రాతను చూచి పని సాగింపగలరు.