నవీకరణ తరువాత డిస్కు పరిశీలన, బూట్ అమరికలు

కంప్యూటరులోని ఆపరేటింగ్ సిస్టమును కొత్త వెర్షనుకు మార్చిన తరువాత సాధారణంగా రెండు పనులు చేయవలసి వస్తుంది. హార్డు డిస్కులోని లోపాలను వెదకడాన్ని డిస్కు పరిశీలన అంటారు. కంప్యూటరు ఏ డిస్కు నుండి, ఏ సిస్టముతో మొదలు కావాలో నిర్ణయించే వివరాలను బూట్ అమరికలు అంటారు. మొదటిది సమాచార భద్రతకు, రెండవది కంప్యూటరు ప్రారంభానికి సంబంధించినది. ముందు నకలు, తరువాత పరిశీలన, చివరకు సవరణ అనే క్రమం తప్పితే దాచుకున్న సమాచారమే పోయే ప్రమాదం ఉంది.

ప్రాముఖ్యత

హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో ఇప్పటి భవనంలోకి మారింది. ఇక్కడి పాత పుస్తకాలలో కొన్నిటిని స్కాన్ చేసి డిజిటల్ రూపంలోకి మార్చారు. కాగితం పాడయ్యేటప్పుడు రంగు మారుతుంది, అంచులు విరుగుతాయి. ఆ సూచనలు కంటికి కనిపిస్తాయి. డిస్కు మాత్రం పైకి బాగానే కనిపిస్తూ లోపల పాడు కావచ్చు. గ్రంథాలయపు పుస్తకమైనా, విద్యార్థి ప్రాజెక్టు నివేదిక అయినా, ఇంట్లోని పెళ్ళి ఫొటోలైనా డిస్కులో ఉన్నంతవరకు వాటికి ఉన్న ప్రమాదం ఒకటే.

డిస్కు పరిశీలన

డిస్కు లోపాలు రెండు రకాలు.

1. ఫైలు వ్యవస్థ లోపాలు: ఏ ఫైలు ఎక్కడ ఉందో తెలిపే పట్టికలో తప్పులు. నవీకరణ మధ్యలో కరెంటు పోయినప్పుడు ఇవి ఏర్పడవచ్చు.
2. భౌతిక లోపాలు: డిస్కులోని కొన్ని సెక్టార్లు చదవడానికి వీలులేకుండా పోవడం.

విండోస్‌లో ఇందుకు చెక్‌డిస్క్ అనే ఆదేశం ఉంది. దీనికి 'ఎఫ్' అనే ఐచ్ఛికం ఇస్తే ఫైలు వ్యవస్థ తప్పులను సరిచేస్తుంది. 'ఆర్' ఇస్తే వాటితో పాటు పాడైన సెక్టార్లను కూడా వెదుకుతుంది. పెద్ద డిస్కులలో దీనికి కొన్ని గంటలు పట్టవచ్చు. విండోస్ నడుస్తున్న డ్రైవును అప్పుడే సరిచేయడం కుదరదు కనుక, ఆ పని తరువాతి ప్రారంభానికి వాయిదా పడుతుంది. లినక్స్‌లో ఈ పనికి ఎఫ్ఎస్‌సీకే ఆదేశాన్ని వాడతారు. మౌంట్ అయి ఉన్న పార్టిషన్‌పై దీనితో మరమ్మతు చేస్తే ఫైలు వ్యవస్థే దెబ్బతినవచ్చు.

మరమ్మతుకు ముందు స్మార్ట్ అనే స్వీయ పరీక్షా విధానపు నివేదికను చూడటం మంచిది. అందులో పాడైన సెక్టార్ల సంఖ్య పెరుగుతున్నట్లు కనిపిస్తే, వెంటనే మరమ్మతు మొదలుపెట్టరాదు. దెబ్బతిన్న డిస్కును గంటల తరబడి చదివిస్తే అది పూర్తిగా ఆగిపోవచ్చు. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళను మరొక డిస్కులోకి నకలు చేసుకోవాలి.

బూట్ విధానం

పాత బయోస్ కంప్యూటర్లలో డిస్కు మొదటి సెక్టారును మాస్టర్ బూట్ రికార్డు అంటారు. దాని పరిమాణం 512 బైట్లు. అందులో 446 బైట్లు ప్రారంభ సంకేతానికి, 64 బైట్లు పార్టిషన్ పట్టికకు, 2 బైట్లు గుర్తుకు కేటాయించబడ్డాయి. పట్టికలో నాలుగు ప్రాథమిక పార్టిషన్లకే చోటు ఉంటుంది. తరువాత వచ్చిన యూఈఎఫ్ఐ విధానంలో జీపీటీ పట్టికను వాడతారు. బూట్ ఫైళ్ళు ఒక ప్రత్యేక పార్టిషన్‌లో ఉంటాయి.

విండోస్ ఎక్స్‌పీలో బూట్ వివరాలు బూట్ డాట్ ఐఎన్ఐ అనే పాఠ్య ఫైలులో ఉండేవి. విస్టా నుండి వాటి స్థానంలో బీసీడీ అనే భాండాగారం వచ్చింది. దీనిని బీసీడీఎడిట్ ఆదేశంతో మార్చవచ్చు. లినక్స్‌లో ఎక్కువగా గ్రబ్ అనే బూట్ లోడరును వాడతారు.

తరచుగా వచ్చే సమస్యలు

* బయోస్ కంప్యూటరులో లినక్స్ ఉండగా తరువాత విండోస్‌ను స్థాపిస్తే అది మాస్టర్ బూట్ రికార్డును తిరగరాస్తుంది. తెలుగులో రూపొందిన స్వేచ్ఛ వంటి లినక్స్‌ను విండోస్‌తో పాటు వాడేవారికి దీనివల్ల గ్రబ్ కనిపించకుండా పోతుంది. లినక్స్ ఫైళ్ళు మాత్రం డిస్కులో అలాగే ఉంటాయి. లైవ్ సీడీతో మొదలుపెట్టి గ్రబ్‌ను తిరిగి స్థాపిస్తే సరిపోతుంది.
* 2021లో వచ్చిన గ్రబ్ 2.06లో ఇతర సిస్టములను వెదకే సదుపాయాన్ని అప్రమేయంగా నిలిపివేశారు. ఆ నవీకరణ తరువాత కొందరి పట్టికలో విండోస్ పేరు కనిపించలేదు. గ్రబ్ అమరికల ఫైలులో ఆ సదుపాయాన్ని తిరిగి అనుమతించి, పట్టికను కొత్తగా తయారుచేయాలి.
* 2007 ప్రాంతంలో లినక్స్ పంపిణీలలో ఐడీఈ డిస్కుల పేరు హెచ్‌డీఏ నుండి ఎస్‌డీఏకు మారింది. పాత పేరుపై ఆధారపడిన అమరికలు పనిచేయలేదు. డిస్కు పేరుకు బదులు యూయూఐడీ అనే స్థిర సంఖ్యను వాడటం దీనికి పరిష్కారం.
* విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు యూఈఎఫ్ఐ అవసరం. పాత పద్ధతిలో ఉన్న డిస్కును ముందుగా ఎంబీఆర్‌టూజీపీటీ సాధనంతో మార్చి, ఆ తరువాతే యూఈఎఫ్ఐని ఎంచుకోవాలి. క్రమం తారుమారైతే కంప్యూటరు మొదలు కాదు.

మార్పులకు ముందు జాగ్రత్తలు

బీసీడీ నకలును ఎగుమతి చేసి దాచుకోవాలి. బిట్‌లాకర్ ఉన్న కంప్యూటరులో బూట్ అమరికలు మారితే 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య అడగవచ్చు. అది లేకపోతే డిస్కులోని ఫైళ్ళను తెరవడం సాధ్యం కాదు. కనుక దానిని కాగితం మీద రాసి ఉంచుకోవాలి. ప్రారంభానికి పనికివచ్చే సీడీ లేదా పెన్ డ్రైవు సిద్ధంగా ఉండాలి. ఒకేసారి ఒక అమరికను మాత్రమే మార్చి, కంప్యూటరును పునఃప్రారంభించి చూడటం వలన ఏ మార్పుతో సమస్య వచ్చిందో సులభంగా తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగ్ సిస్టమ్
* హార్డు డిస్కు
* లినక్స్
* రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, హైదరాబాదు