సాఫ్ట్‌వేర్ మారింది.. సెలవులు మాయం!

షార్జా: కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే మనకేంటి, అది ఆఫీసోళ్ల గొడవ అనుకున్నాం గోడౌన్‌లో పనిచేసే మా తెలుగోళ్లం పదిమందిమీ.

మా కంపెనీలో స్టాకు ఎక్సెల్ షీటులో, హాజరు రిజిస్టర్‌లో, జీతాల లెక్క వేరేచోట ఉండేవి. 2018 జనవరి 1న యూఏఈలో 5 శాతం వ్యాట్ మొదలయ్యాక అన్నీ ఒకేచోట ఉండాలని ఈఆర్‌పీ పెట్టారు. ఎంపిక చేసేటప్పుడు మేనేజర్లు బిల్లింగ్, వ్యాట్ రిపోర్టులే చూశారు. ఓవర్‌టైమ్ ఎలా రాస్తామో మమ్మల్ని ఎవరూ అడగలేదు. పాత లెక్కలు ఎక్కించేటప్పుడు మాకు మిగిలిన సెలవులు సున్నా పడ్డాయి. కొందరికి చేరిన తేదీయే తప్పు పడింది. గ్రాట్యుటీ లెక్కంతా దాని మీదే కదా! మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆపైన ఏడాదికి 30 రోజులది.

రిజిస్టర్ ఫొటోలు, పాత పేస్లిప్పులు పట్టుకెళ్లి చూపించాం. రెండు నెలలు పాత రిజిస్టరునూ కొత్త సిస్టమ్‌నూ పక్కపక్కనే నడిపి పోల్చాకే తప్పులు సరయ్యాయి. ఆ పని మొదట్లోనే చేయాల్సింది.

మీ దగ్గరా సిస్టమ్ మారుతోందా? చేరిన తేదీ, బేసిక్ జీతం, మిగిలిన సెలవులు.. ఈ మూడూ స్క్రీన్ మీద చూపించమని అడగండి. మొహమాటపడితే పోయేది మన కష్టార్జితమే.