రచనాభ్యాస తరగతిలో హాజరు, గడువు, ప్రవర్తన: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
తెలుగు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో కథ, కవిత, వ్యాసం వ్రాయించడం నేడు తెలుగు అధ్యాపకుల విధుల్లో భాగం. అయితే ఈ తరగతికి వర్తిస్తున్న నియమాలు ఉపన్యాస తరగతిని దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవే. పాఠం వినే తరగతికీ, వ్రాసి దిద్దుకునే తరగతికీ గల భేదాన్ని బట్టి ఈ నియమాలు ఎలా ఉండాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. హాజరు:
పరీక్షార్హతకు 75 శాతం హాజరు ఉండాలన్నది విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా కనిపించే నియమం. 60 పీరియడ్లలో 45కు వచ్చిన విద్యార్థికి అర్హత లభిస్తుంది. 44కు వస్తే 73.3 శాతమే కనుక మినహాయింపు కోరవలసి వస్తుంది. ఈ లెక్క గదిలో గడిపిన కాలాన్ని చూపుతుందే గాని, జరిగిన రచనను చూపదు. చిత్తుప్రతులు చదివే రోజుల్లో ఒక్కనాడూ రాకుండానే 45 పీరియడ్లు పూర్తిచేయవచ్చు. ఉపన్యాసం తప్పిన విద్యార్థి మిత్రుల నోట్సుతో ఆ లోటు కొంత పూడ్చుకోగలడు. చిత్తుప్రతి పఠనానికి రాకపోతే మాత్రం, అతని అభిప్రాయం అందవలసిన సహవిద్యార్థి కూడా నష్టపోతాడు. అందువల్ల పఠన దినాలను సెమిస్టరు మొదట్లోనే ప్రకటించి, వాటి హాజరును విడిగా నమోదు చేయడం ఉచితం. అనారోగ్యం వల్లనో, వ్యవసాయ పనుల వల్లనో రాలేని వారు తమ అభిప్రాయాన్ని వ్రాసి పంపే వీలు కల్పించాలి. విశ్వవిద్యాలయ నియమాన్ని అధ్యాపకుడు మార్చలేడు. అంతర్గత మూల్యాంకనంలో ఈ పనికి విలువ కట్టే అవకాశం మాత్రం చాలాచోట్ల అతనికి ఉంటుంది.

2. గడువు:
ఒకే ఒక చివరి తేదీ ఉన్నప్పుడు రచన ముందురోజు రాత్రికి వాయిదా పడుతుంది, గైడునుంచి ఎత్తివ్రాయడం పెరుగుతుంది. వస్తు నిర్ణయం, తొలి ప్రతి, సహవిద్యార్థుల అభిప్రాయం, సవరించిన ప్రతి అనే నాలుగు దశలకు వేర్వేరు గడువులు అవసరం. తొలి ప్రతి ఆలస్యమైతే చదవవలసిన వారి పని ఆగిపోతుంది కనుక అక్కడ కచ్చితంగా ఉండాలి. తుది ప్రతికి రెండు మూడు రోజుల సడలింపు వల్ల ఇతరులకు నష్టం లేదు.

గ్రంథచౌర్యంపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో వెలువరించిన నిబంధనలు సిద్ధాంత గ్రంథాలలో పోలికను శాతాలలో కొలుస్తాయి. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుండి 40 శాతం వరకు ఉంటే 6 నెలలకు మించని గడువులో సవరించి సమర్పించాలి. 40 నుండి 60 శాతం వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలుండదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. డిగ్రీ తరగతిలో ఈ శాతాలకన్నా నాలుగు దశల ప్రతులే నమ్మదగిన సాక్ష్యం. తొలి ప్రతిని చూసిన అధ్యాపకుడు తుది ప్రతిలోని పరాయి వాక్యాన్ని సులభంగా గుర్తిస్తాడు.

3. ప్రవర్తన:
ఫోను వాడరాదు, ఆలస్యంగా రాకూడదు వంటి నియమాలు ఏ తరగతికైనా వర్తిస్తాయి. రచనాభ్యాసానికి ప్రత్యేకంగా మూడు నియమాలు కావాలి. విమర్శ రచనకే పరిమితం కావాలి. సహవిద్యార్థి ప్రతిని అనుమతి లేకుండా వాట్సాప్ బృందాల్లో పంచుకోరాదు. మాండలికాన్ని గాని, కులవృత్తి పదాలను గాని ఎగతాళి చేయరాదు. మూడవది తెలుగు తరగతికి మరీ ముఖ్యం. 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనల్ వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్న ప్రశ్న చుట్టూ గ్రాంథిక, వ్యావహారిక వాదాలు తీవ్రమైన సంగతి సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం. నేడు ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ పలుకుబడులతో కథలు విరివిగా వస్తున్నాయి. అయినా తన ఇంటి మాటను కథలో వ్రాసిన విద్యార్థి తరగతిలో నవ్వులపాలైతే, తర్వాతి ప్రతిలో ఆ మాటను తొలగించి పాఠ్యపుస్తక భాషను ఆశ్రయిస్తాడు.

ముగింపు:
రచనాభ్యాస తరగతిలో ఒకరి రచన మరొకరి చదువుపై ఆధారపడి ఉంటుంది. పై నియమాలన్నిటికీ ఇదే ప్రాతిపదిక. వీటిని కారణాలతో సహా ఒక పుటలో వ్రాసి మొదటివారమే విద్యార్థులకు అందిస్తే, 74 శాతం వద్ద ఆగిన విద్యార్థి గురించి నిర్ణయించవలసి వచ్చినప్పుడు హాజరు పట్టికతోపాటు అతని చిత్తుప్రతులు కూడా అధ్యాపకుని ముందు ఉంటాయి.