న్యాయస్థానంలో వినవచ్చే మన మాటలు

న్యాయశాస్త్రం అభ్యసించే విద్యార్థికి గ్రంథపఠనం ఒక్కటే చాలదు. ఒక సివిలు వ్యాజ్యాన్ని, ఒక క్రిమినలు కేసును న్యాయస్థానంలో కూర్చుండి పరిశీలించి, తాను చూచినదానిని వ్రాసి సమర్పించవలెనని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పాఠ్యక్రమం నిర్దేశిస్తున్నది. మన కళాశాలలో పట్టా పుచ్చుకొని ఆ చదువుకు పోదలచిన విద్యార్థులకు ఉపకరించగలదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వెనుక బల్లపై ఒక పూట కూర్చున్న విద్యార్థి దృష్టిని మొట్టమొదట ఆకర్షించేది అక్కడి భాష. బంట్రోతు కక్షిదారుల పేర్లు పిలుస్తాడు. ఒకరు 'హాజరు' అంటారు. మరొకరు 'వాయిదా' కోరుతారు. వకీలు, వకాల్తా, దావా, ఫిర్యాదు, జామీను, జప్తు, దస్తావేజు, నకలు, రాజీ, రద్దు - ఇవన్నీ అరబ్బీ, పారసీక భాషల నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన పదాలు. వాది, ప్రతివాది, సాక్షి సంస్కృతం. వారంటు, డిక్రీ, అప్పీలు ఆంగ్లం. చివరకు వెలువడే 'తీర్పు' మాత్రం అచ్చ తెలుగు.

ఈ కలయికకు చరిత్ర కలదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో పారసీకంతోపాటు తెలుగులోనూ ఫర్మానాలు వెలువడినవి. మొగలాయీల పాలనా వ్యవహారం పారసీకంలో సాగినది. న్యాయస్థానాలలో పారసీకాన్ని తొలగించుటకు వీలు కల్పిస్తూ కంపెనీ ప్రభుత్వం 1837లో చట్టం చేసినది. నిజాం రాజ్యంలో 1884లో పారసీకం స్థానాన్ని ఉర్దూ ఆక్రమించినది. పాలకులు మారినారు, జనుల నోట పడిన మాటలు మాత్రం నిలిచిపోయినవి.

నిలిచిన మాటలలో కొన్నింటికి అర్థం మారినది. ఉర్దూలో 'వాదా' అనగా వాగ్దానం. తెలుగు న్యాయస్థానంలో 'వాయిదా' అనగా విచారణ మరొక తేదీకి జరుగుట. 'జామిన్' అనగా పూచీ పడిన మనిషి. తెలుగులో 'జామీను' ఆ పూచీకే పేరైనది. అన్నింటికంటె విచిత్రమైనది 'ముద్దాయి'. ఉర్దూలో 'ముద్దయీ' అనగా దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి అనగా నేరం మోపబడినవాడు! ఇంట ఉర్దూ మాత్రమే మాట్లాడే ఒక తల్లితో "ఈ కేసులో మీ కుమారుడు ముద్దాయి" అని చెప్పినామనుకొనుడు. తన బిడ్డయే ఫిర్యాదు చేసినాడని ఆమె నిశ్చింతగా ఇంటికి పోవచ్చును. జామీను కొరకు పరుగెత్తవలసిన దినం అట్లు వృథాయగును.

ఇట్టి ప్రమాదాన్ని శాసనం ఊహించకపోలేదు. నేరారోపణను నిందితునికి చదివి వినిపించి వివరించవలెను. అతనికి తెలియని భాషలో సాక్ష్యం చెప్పబడినచో, బహిరంగ న్యాయస్థానంలోనే అతనికి తెలిసిన భాషలోనికి అనువదింపవలెను. 1973 నాటి నేర విచారణ స్మృతిలోని ఈ రక్షణ, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ కొనసాగుచున్నది. అయితే హైకోర్టు, సుప్రీంకోర్టుల వ్యవహారభాష, రాజ్యాంగం 348వ అధికరణం ననుసరించి, ప్రధానంగా ఆంగ్లమే. అక్కడ వెలువడిన తీర్పును కక్షిదారునికి అతని మాటలలో విప్పి చెప్పే బాధ్యత వకీలుదే. హక్కు కాగితంపై ఉన్నను, అది తనకు కలదని తెలియనివానికి దాని వలన ప్రయోజనం స్వల్పం.

ఉర్దూ, తెలుగు రెండూ ఎరిగిన మన విద్యార్థులు ఈ పనికి మిక్కిలి తగినవారు. న్యాయస్థానానికి పోయినప్పుడు ఒక చిన్న పుస్తకం వెంట ఉంచుకొని, విన్న ప్రతి మాటకు ఉర్దూలోని అర్థం, న్యాయస్థానంలోని అర్థం, పామరునికి తెలియునట్లు చెప్పదగిన మాట - ఈ మూడింటిని ప్రక్కప్రక్కన వ్రాసుకొనవలెను. అట్టి పట్టికలను కూర్చి గ్రంథాలయంలో భద్రపరచుటకు కళాశాల కమిటీవారు పూనుకొన్నచో, తరువాతి తరగతుల విద్యార్థులకు, వారి ఇరుగుపొరుగు కక్షిదారులకు గొప్ప మేలు చేసినవారగుదురు.