బాడుగ బండి – అమానతు

సింహాచలం, గోపాలపట్నం ప్రాంతాల్లో ఒకే చిన్న లారీపై బతికే కుటుంబాలకు ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఎంతో దూరం కావు. అయితే అక్కడి భారీ సరుకు అధికంగా రైళ్లకు, పెద్ద ట్రైలర్లకే దక్కుతుంది. చిన్న బండికి నిలకడైన పని ఊరిలోనే వెతుక్కోవాలి. దళారి పిలుపు కోసం స్టాండులో ఎదురుచూడటం కన్నా పూర్ణా మార్కెట్ టోకు దుకాణాలకు, ఆటోనగర్ పరిశ్రమలకు, సిమెంటు, ఇనుము కొట్లకు స్వయంగా వెళ్లి పరిచయం చేసుకోవడం మేలని మేము సూచిస్తాము.

బాడుగ ఎంత, హమాలీ ఖర్చు ఎవరిది, డబ్బు ఎప్పుడిస్తారు అన్నవి సరుకు ఎక్కించక ముందే రాసుకోవాలి. గడువుతో కూడిన బాకీని రాసుకోవాలని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 282వ ఆయతులో ఆదేశించింది. తెలిసినవారే కదా అని రాయకుండా వదిలేసిన లెక్కే తరువాత తగవవుతుంది.

బేరం పోతుందన్న భయంతో అధిక బరువు ఎక్కించరాదు. 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం దానికి 20 వేల రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో 2 వేలు. రోడ్డుపై ప్రాణాలకు కలిగే ముప్పు అంతకన్నా పెద్దది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) యౌవనంలో హజ్రత్ ఖదీజా (ర.అ) వర్తక సరుకును సిరియాకు తీసుకువెళ్లారు. మక్కా ప్రజలు ఆయన్ను అల్ అమీన్ అన్నారు. బండిలోని పరాయి సరుకు కూడా మన చేతిలోని అమానతే. అది చెప్పిన వేళకు, చెక్కుచెదరకుండా చేరితే ఆ వర్తకుడే మరో బాడుగకు కబురు పంపుతాడు.